సంగటి తిన్న కుక్క, పచ్చి మాంసము తిన్న కుక్క

అనంతపురము నుండి కదిరికి పోయే బాటలో ముదిగుబ్బ తగులుతుంది. ధర్మవరము నుండి పాకాలకు పోయే రైలు దారి కూడ ఈ ఊరి మీదుగానే పోతున్నది. 2022 వరకు అనంతపురము జిల్లాలో ఉండిన ఈ మండలము ఆ సంవత్సరము ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. జిల్లా పేరు మారినా నేల మారలేదు. ఎర్రని గరుసు నేల, అక్కడక్కడ రాతిగుట్టలు, సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఆ వాన కూడ పడవలసిన నెలలో పడుతుందని ఎవరును పూచీ పడలేరు. వేరుసెనగ ఎండిపోయిన ఏట రైతును కొంతవరకైనా ఆదుకొనేవి గొర్రెలు, మేకలు. మంద ఉన్నచోట కుక్క ఉంటుంది.

ఆదివారము ఉదయము ఇటువంటి ఊరిలో మాంసము అంగడి ముందు కొంతసేపు నిలిచి చూడండి. పొట్టేలును కోసినవారు మాంసమును వ్రేలాడదీసి, బోటిని కడిగి, పనికిరానిదానిని ప్రక్కకు విసురుతారు. అది నేలను తాకకముందే నాలుగు కుక్కలు దాని మీద పడతాయి. అదే సమయములో ఏదో ఇంటి వాకిట మరొక కుక్క, రాత్రి మిగిలిన సంగటిలో కొంచెము మజ్జిగ పోసి పెట్టినదానిని, తొందర లేకుండ నాకుతూ ఉంటుంది. ఈ రెండింటిలో ఏ కుక్క సరియైన తిండి తింటున్నది?

ఇది పనిలేని ప్రశ్న అనుకోరాదు. పట్టణములలో ఇప్పుడిది పెద్ద వివాదమే. 1993లో ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్ అనే ఆస్ట్రేలియా పశువైద్యుడు కుక్కకు ఎముక పెట్టండని బోధించే పుస్తకమొకటి ప్రకటించినాడు. తోడేలు వండుకొని తినదు. కుక్క తోడేలు సంతతి. కాబట్టి దానికి పచ్చి మాంసము, కండ అంటిన పచ్చి ఎముకలు పెట్టవలెనే గాని, సంచులలో అమ్మే ఎండు బిస్కట్లు గాని, గింజలతో వండిన కూడు గాని తగదని ఈ పక్షమువారి వాదము. పుస్తకములోని మాట దేశదేశములకు ప్రాకినది. బెంగుళూరు, హైదరాబాదులలో ఉద్యోగాలు చేసే పిల్లలు పండుగకు ఇంటికి వచ్చి, “కుక్కకు సంగటి పెడతారా, అమ్మా?” అని తల్లిని తప్పు పట్టేదాకా వచ్చినది. తల్లి చేసినది తప్పేనా అని తేల్చుకొనుటకు రెండువందల ఏండ్ల చరిత్రను కొంచెము తిరగవేయవలసి ఉన్నది. అందులో పారిస్ ఉన్నది, ఐస్లాండు ఉన్నది, మన హైదరాబాదూ కర్నూలూ కూడ ఉన్నవి.

మొదట తోడేలు సంగతి. తోడేలు రాయలసీమ కాపరులకు కథలలోని మృగము కాదు. మందల మీద పడి గొర్రెపిల్లను ఎత్తుకొని పోయే మృగము. కుక్క దాని జాతినుండి వేరుపడినదనుటలో సందేహము లేదు. కాని వేరుపడి వేల ఏండ్లయినది. అనంతపురము జిల్లాలోని పాలవాయి వద్దను, చుట్టుప్రక్కల బళ్లారి, రాయచూరు ప్రాంతములలోను కనిపించే బూడిద దిబ్బలు నవీన శిలాయుగపు పశుపాలకులు విడిచిపోయినవి. పేడను కుప్పవేసి కాల్చగా ఏర్పడినవి. దక్కనులోని ఆ కాలపు స్థలములలో పశువుల ఎముకలతోపాటు కుక్క ఎముకలును లభించినవి. పశువుల కాపరి తిన్నదే వాని కుక్కకు దొరికినది. గింజ కూడ తిన్నది, ఎముకా కొరికినది.

ఈ సహవాసము కుక్క శరీరములోనే గుర్తు మిగిల్చినది. 2013లో స్వీడన్‌లోని ఉప్సలాలో ఎరిక్ ఆక్సెల్సన్, ఆయన సహచరులు కుక్కల జన్యువులను తోడేళ్ల జన్యువులతో పోల్చి చూచినారు. పిండిపదార్థమును జీర్ణము చేయుటకు అమిలేజ్ అనే ఎంజైము కావలెను. కుక్కలో దీనిని తయారుచేసేది క్లోమము. మనకు వలె దాని లాలాజలములో ఇది చెప్పదగినంత ఉండదు. తోడేలులో ఈ ఎంజైమునకు సంబంధించిన జన్యువు రెండు ప్రతులే ఉండగా, కుక్కలలో నాలుగు మొదలు ముప్పది వరకు ప్రతులు కనబడినవి. అనగా మానవుని ఇంటి పిండిని అరిగించుకొనే శక్తి గల కుక్కలే తరతరాలుగా నిలిచినవన్నమాట. కాబట్టి “తోడేలు తిననిది కుక్క తినరాదు” అనే వాదము మొదటి మెట్టులోనే జారిపోతున్నది. సంగటి కుక్కకు అరుగుతుంది. అరిగినదంతా చాలుతుందా అనేది వేరు ప్రశ్న.

ఆ వేరు ప్రశ్నను మొదట ప్రయోగముగా అడిగినవాడు ఫ్రెంచి శరీరశాస్త్రజ్ఞుడు ఫ్రాంస్వా మాజెండీ. 1816లో ఆయన ఒక కుక్కకు పంచదార, స్వేదనజలము తప్ప మరేమియు పెట్టలేదు. మొదటి వారము కుక్క హుషారుగానే ఉన్నది. రెండవ వారములో చిక్కినది. మూడవ వారములో నీరసించి, కన్నుల మీద పుండ్లు పడినవి. 32వ దినమున చచ్చిపోయినది. నూనెతోను, వెన్నతోను, జిగురుతోను చేసిన ప్రయోగములకు కూడ దాదాపు ఇదే ఫలితము. కడుపు నిండుట వేరు, పోషణ వేరు అని ప్రయోగశాలలో తేలిన తొలి సందర్భములలో ఇదొకటి. నత్రజని లేని ఆహారముతో ప్రాణము నిలువదని మాజెండీ నిర్ణయించినాడు. కన్నుల పుండ్లు ఏ-విటమిను లోపము వలన కలిగినవని ఇప్పుడు మనము ఊహించగలము. ఆ కాలమునకు విటమిను అనే మాటే పుట్టలేదు.

మాజెండీకి ఆ తర్వాత వచ్చిన పని ఎముకలకు సంబంధించినది. పారిస్‌లో బీదలకు, ఆసుపత్రులలోని రోగులకు చౌకగా కడుపు నింపుట ఎట్లా అనే చర్చ నడుస్తుండినది. డార్సే అనే రసాయనజ్ఞుడు, కసాయి అంగళ్లలో పారవేసే ఎముకలనుండి ఆవిరి సహాయముతో జెలటిన్‌ను తీసి సూపు కాచవచ్చునన్నాడు. మాంసము దేనికి, ఎముకల గంజే చాలునన్నమాట. కొన్ని ఆసుపత్రులలో ఏండ్ల తరబడి ఆ సూపును పోసినారు కూడ. త్రాగినవారికి మాత్రము అది సయించలేదు. చివరకు విజ్ఞాన పరిషత్తు ఒక సంఘమును నియమించినది; దానికి మాజెండీ ప్రముఖుడు. కుక్కల మీద చాలకాలము ప్రయోగములు సాగినవి. 1841లో నివేదిక వెలువడినది. జెలటిన్ ఒక్కటే పెట్టిన కుక్కలు కొంతకాలమునకు దానిని ముట్టుటే మానినవి; తిన్నవి కూడ చిక్కిపోయినవి. పచ్చి ఎముకలను కొరికి తిన్న కుక్కలు బాగుగానే ఉన్నవి. ఒకే ఎముక. పచ్చిగా తింటే ఆహారము, దానినుండి పిండిన జెలటిన్ ఆహారము కాదు!

పచ్చి మాంసపు పక్షమువారు ఈ ప్రయోగమును ఎందుకు ఎక్కువగా ఉదాహరింపరో తెలియదు. వారికి ఇంతకంటె మంచి సాక్ష్యము లేదు. పచ్చి ఎముకలో మూలుగ ఉన్నది, దానికి అంటిన కండ ఉన్నది, క్రొవ్వు ఉన్నది, సున్నము, భాస్వరము ఉన్నవి. జెలటిన్‌లో ఇవేవీ లేవు. పైగా మాంసకృత్తులను కట్టే ఇటుకల వంటి అమినో ఆమ్లములలో ట్రిప్టోఫాన్ అనేది జెలటిన్‌లో బొత్తిగా లేదు. ఈ ట్రిప్టోఫాన్ పేరును పాఠకులు జ్ఞాపకముంచుకోవలెను. ఇది మళ్లీ మన దక్కనులో తగులుతుంది.

మధ్యకాలమును త్వరగా దాటవచ్చు. 1860 ప్రాంతమున జేమ్స్ స్ప్రాట్ అనే అమెరికనుడు లండనులో కుక్క బిస్కట్ల వ్యాపారము పెట్టినాడు. కుక్క తిండి అంగడి సరుకైనది. మొదటి ప్రపంచ యుద్ధము ముగిసే నాళ్లలో ఎడ్వర్డ్ మెలన్బీ కుక్కపిల్లలను ఎండ తగలకుండ ఇంటిలో ఉంచి, ఓట్లు మొదలైన గింజల జావతో పెంచగా వాటి కాళ్లు వంకర పోయినవి. కాడ్ చేప కాలేయపు నూనె పోస్తే ఆ రికెట్సు రాలేదు. డి-విటమిను చరిత్రకు అది నాంది. జావ త్రాగిన కుక్కపిల్ల వలన మనుష్యుల పిల్లల కాళ్లు నిటారుగా నిలిచినవి.

ఇక నల్లనాలుక. అమెరికా దక్షిణ రాష్ట్రములలో, మొక్కజొన్న రొట్టె తిని బ్రతికే బీదల పల్లెలలో, పెల్లాగ్రా అనే జబ్బు వేలమందిని పట్టి పీడించినది. ఎండ తగిలేచోట, అనగా మెడ చుట్టూ, ముంజేతుల మీద, పాదముల మీద, చర్మము నల్లబడి పగిలి పొరలుగా ఊడిపోతుంది. విరేచనములు పట్టుకుంటాయి. ముదిరితే మతి చెడుతుంది. ఆ పల్లెలలోనే, ఆ ఇండ్లలోనే, మిగిలిన మొక్కజొన్న రొట్టె తిని బ్రతికే కుక్కలకు నోరు పుండై నాలుక నల్లబడి చచ్చే జబ్బు వస్తుండినది. ఈ రెండును ఒకే జబ్బేమో అని 1916లోనే ఒక పశువైద్యుడు సూచించినాడు. 1914 నుండి ఈ పని మీద నియమితుడైన జోసెఫ్ గోల్డ్‌బెర్గర్, పెల్లాగ్రా అంటువ్యాధి కాదనియు, తిండిలోని లోపమనియు మనుష్యులలో నిరూపించి, తర్వాత కుక్కలలో నల్లనాలుకను తిండి మార్చి తెప్పించి, ఈస్టు, కాలేయము వంటివి పెట్టి కుదిర్చి చూపినాడు. ఆ లోపించిన పదార్థము ఏదో తెలియకముందే 1929లో మరణించినాడు.

తెలిసినది 1937లో. విస్కాన్సిన్‌లో కాన్రాడ్ ఎల్వీజెమ్, ఆయన సహచరులు కాలేయపు సారమునుండి నికోటినిక్ ఆమ్లపు అమైడును వేరుచేసినారు. నల్లనాలుకతో తిండి మానిన కుక్కకు కొద్ది మిల్లీగ్రాముల నికోటినిక్ ఆమ్లము ఇవ్వగా అది లేచి తిండికి వచ్చినది. విచిత్రమేమంటే ఈ ఆమ్లము రసాయనజ్ఞులకు అప్పటికి 70 ఏండ్లుగా తెలిసినదే. సీసాలలో నిలువ ఉన్నదే. దాని పని ఏమిటో చెప్పినది కుక్క. భీమవరములో పుట్టి అప్పుడు హార్వర్డులో పనిచేస్తుండిన మన యల్లాప్రగడ సుబ్బారావు కూడ ఆ రోజులలో కాలేయములోని నల్లనాలుక నివారక పదార్థము మీద పరిశోధన చేసినవారిలో ఒకడు. 1945లో మరొక ముడి విడినది: శరీరము ట్రిప్టోఫాన్ నుండి ఈ విటమినును కొంతవరకు తానే తయారుచేసుకోగలదు. మొక్కజొన్నలో ఆ ట్రిప్టోఫాన్ తక్కువ. ఉన్న నికోటినిక్ ఆమ్లము కూడ శరీరమునకు అందని రూపములో బంధింపబడి ఉంటుంది. మాంసములో, కాలేయములో రెండును పుష్కలము.

ఈ కథ దక్కనుకు ఎట్లు వచ్చినది? మన పీఠభూమిలో మొక్కజొన్న ముఖ్యాహారము కాదు. జొన్న. జొన్నరొట్టె, జొన్న సంగటి తినే బీదవారిలో పెల్లాగ్రా రోగులు హైదరాబాదు ఆసుపత్రులకు వస్తుండిరి. కూనూరులో 1918లో మెకారిసన్ ప్రారంభించిన చిన్న పరిశోధన విభాగము పెరిగి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చినది. 1969 నుండి అది జాతీయ పోషకాహార సంస్థ. ఇందులోని సి. గోపాలన్, ఎస్. జి. శ్రీకాంతయ్య గారలకు ఒక చిక్కు ఎదురైనది. మొక్కజొన్నలో వలె జొన్నలో ట్రిప్టోఫాన్ అంత తక్కువ కాదు. నికోటినిక్ ఆమ్లము కూడ అంతగా బంధింపబడి లేదు. మరి జబ్బు ఎందుకు? మొక్కజొన్నకూ జొన్నకూ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటి: ల్యూసీన్ అనే అమినో ఆమ్లము రెండింటిలోను మితిమీరి ఉన్నది. అది ఎక్కువైతే ట్రిప్టోఫాన్, నికోటినిక్ ఆమ్లముల వినియోగము చెడుతుందేమో అని 1960లో వారు ప్రకటించినారు.

మనుష్యులలో అనుమానించినదానిని నిలబెట్టుటకు మళ్లీ కుక్కే కావలసి వచ్చినది. భవానీ బేలవాడి, గోపాలన్ గారలు కుక్కపిల్లలకు జొన్న ప్రధానమైన ఆహారము పెట్టి నల్లనాలుకను తెప్పించినారు. ఆ ఫలితము 1965లో లండను వైద్యపత్రిక లాన్సెట్‌లో వచ్చినది. ల్యూసీన్ వాదము మీద తర్వాత వాదప్రతివాదములు జరిగినవి. 1978లో అమెరికాలో కార్పెంటర్, ఆయన సహచరుడు కుక్కలకు ల్యూసీన్ ఎక్కువగా పెట్టి చూచి, దానివలన నల్లనాలుక త్వరపడలేదన్నారు. కాబట్టి కారణము పూర్తిగా తేలినదనుట తొందరపాటు. కాని జొన్న ఒక్కటే తిన్న కుక్కకు నల్లనాలుక వచ్చుట మాత్రము హైదరాబాదు ప్రయోగశాలలో కన్నులారా చూచిన సంగతి.

ఇప్పుడు ముదిగుబ్బ వాకిటి కుక్కను చూతము. అది సంగటి తింటున్నది. కాని సంగటి ఒక్కటే తినుట లేదు. మజ్జిగ కలిసినది. ఎప్పుడైనా ఇంటిలో కూర వండితే ఎముక దొరికినది. పొలములో ఎలుకను పట్టినది. వేరుసెనగ ఒలిచే రోజులలో నాలుగు గింజలు ఏరుకున్నది. వేరుసెనగలో నికోటినిక్ ఆమ్లము ధారాళముగా ఉన్నదనేది ఇక్కడ చెప్పుకోదగిన సంగతి; ఆ పంటను పండించిన ఇంటిలోనే దానిని తినుట తక్కువ, అమ్ముట ఎక్కువ. ఈ చిల్లర తిండ్లే కుక్కను కాపాడుతున్నవి. ఇంటివారిని కాపాడేవి కూడ అటువంటివే. కరవు వచ్చి మజ్జిగ, కూర, పప్పు పోయి ఒక్క గింజే మిగిలినప్పుడు కుక్క నాలుకకు ఏమి జరుగునో మనిషి మెడకును అదే జరుగును.

అయితే కుక్కకు మాంసము పెట్టుట మంచిదే గదా, అంగడి ముందు కుక్కలే భాగ్యవంతములు గదా అని విద్యార్థి అనవచ్చును. చరిత్రలో రెండవ పుట ఇక్కడ తెరవవలెను. ఈ పుట ఎక్కువ చీకటిది.

పొట్టేలు కార్జములోను, ఊపిరితిత్తులలోను అప్పుడప్పుడు తెల్లని నీటితిత్తి కనబడుతుంది. చిన్నది నిమ్మకాయంత, పెద్దది అంతకు మించి. పొడిస్తే నీరు చిమ్ముతుంది. మనుష్యులలోను ఇటువంటి నీరు నిండిన కాలేయమును ప్రాచీన గ్రీకు వైద్యులు ఎరుగుదురు. ఇది ఏమిటో చాలకాలము తెలియలేదు. 1782లో గేజే అనే జర్మను పాదిరి తిత్తిలోని సన్నని ఇసుకవంటి పదార్థమును సూక్ష్మదర్శిని క్రింద చూచి, ప్రతి రేణువును బద్దెపురుగు తలను పోలి ఉన్నదన్నాడు. తల ఇక్కడ ఉన్నది, పురుగు ఎక్కడ? 1850 దాటిన తర్వాత ఫాన్ సీబోల్డ్ ఆ తిత్తిలోని రేణువులను కుక్కపిల్లలకు తినిపించి, కొన్ని వారముల పిమ్మట వాటిని కోసి చూచినాడు. చిన్న ప్రేగులో మూడు నాలుగు కణుపులు మాత్రమే గల, అర సెంటీమీటరు పొడవు కూడ లేని బద్దెపురుగులు వేలు వ్రేలాడుతున్నవి. దీని పేరు ఎకినోకాకస్.

చక్రము ఇట్లు తిరుగుతుంది. కుక్క ప్రేగులోని పురుగు గ్రుడ్లు మలముతో బయటపడతాయి. గడ్డి మీద పడినవానిని గొర్రె మేస్తుంది. గ్రుడ్డు పొదిగి, ప్రేగు గోడను దాటి, నెత్తుటిలో కలిసి కార్జమునకు చేరి తిత్తి కట్టుతుంది. ఆ కార్జమును కుక్క పచ్చిగా తింటే ఆరేడు వారములలో మళ్లీ పురుగు, మళ్లీ గ్రుడ్లు. మనిషి ఈ చక్రములో లేడు. దారి తప్పి పడతాడు. కుక్క వంటికి, మూతికి అంటిన గ్రుడ్లు దానితో ఆడుకొనే పిల్లవాని చేతికి, చేతినుండి నోటికి పోతాయి. ఆకుకూరతోనో నీటితోనో కూడ పోవచ్చు. తిత్తి నెమ్మదిగా పెరుగుతుంది. పదేండ్ల పిల్లవాడు మింగిన గ్రుడ్డు ముప్పదేండ్ల మనిషిని శస్త్రచికిత్స బల్ల మీద పండబెట్టవచ్చును. తిత్తి లోపల పగిలితే ప్రాణాపాయము.

ఈ చక్రమును మొదట తెంపినది ఐస్లాండు. అది గొర్రెల దేశము. ప్రతి పల్లెకొట్టములోను కాపరి కుక్క ఉండేది. గొర్రెను కోసినప్పుడు పనికిరానిది దానికి విసిరేవారు. డెన్మార్కు పశువైద్యుడు హరాల్డ్ క్రాబె 1863లో అక్కడికి పోయి 100 కుక్కలను కోసి చూడగా 28 కుక్కలలో ఈ పురుగు కనబడినది. ఆయన వ్రాసిన చిన్న పుస్తకమును 1864లో ప్రభుత్వము ఇంటింటికి ఉచితముగా పంచినది. అక్షరాస్యత గల దేశము గనుక జనము చదివినారు. తిత్తులను కాల్చివేయవలెను, లేదా పాతిపెట్టవలెను, కుక్కలకు పురుగుల మందు వేయవలెను అని తర్వాత చట్టములు వచ్చినవి. 20వ శతాబ్ది మధ్యకు అక్కడ కొత్త రోగులు దాదాపు కనబడుట మానినారు. న్యూజీలాండులో 1959లో ప్రత్యేక చట్టము చేసి, గొర్రె అవయవములను కుక్కకు పచ్చిగా పెట్టుట నిషేధించి, కుక్కలను ఊరూరా పరీక్షించినారు. 2002 నాటికి ఆ దేశము ఈ జబ్బునుండి దాదాపు విముక్తమైనదని ప్రకటించినారు. నలుబది ఏండ్లు పట్టినది.

మన వైపు సంగతి? 1968లో భారత వైద్య పరిశోధన పత్రికలో సి. ఆర్. ఆర్. ఎం. రెడ్డి గారు, ఆయన సహచరులు కర్నూలు ప్రాంతమున ఈ నీటితిత్తి జబ్బు వ్యాప్తిని గురించి వివరముగా వ్రాసినారు. అప్పటినుండి మన దేశములో ఈ జబ్బు ఎక్కువగా కనబడే చోట్లు చెప్పవలసి వచ్చినప్పుడు వైద్యగ్రంథములు ఆంధ్ర ప్రాంతమును, తమిళనాడును పేర్కొంటూ వచ్చినవి. కర్నూలుకు దక్షిణమున అనంతపురము. అదే గొర్రెల సీమ, అవే మందలు, అవే కుక్కలు.

మన పాఠ్యపుస్తకపు బొమ్మలలో ఇటువంటి జీవితచక్రమును గీసినప్పుడు గొర్రెనుండి కుక్కకు ఒక బాణపు గుర్తు వేస్తారు. ఆ బాణము తనంత తాను పోదు. అంగడిలో తిత్తి ఉన్న కార్జమును కొనేవారు వద్దంటారు. అంగడి అతను ఆ ముక్కను కోసి విసురుతాడు. మంచి ముక్క మన ఇంటికి పోయి గిన్నెలో ఉడుకుతుంది. చెడ్డ ముక్క పచ్చిగానే కుక్క నోటిలో పడుతుంది. ఉపాధ్యాయులు ఈ చక్రమును నల్లబల్ల మీద గీసేటప్పుడు ఆ విసిరే చేతిని కూడ గీయుట మంచిది.

ఇక పట్టణపు పచ్చి తిండి పక్షమునకు వద్దాము. వారిని పూర్తిగా త్రోసివేయుట న్యాయము కాదు. ఎముక విషయములో వారు చెప్పేది చాలవరకు నిజము. పచ్చి ఎముకలో కొలాజెన్ చెక్కుచెదరక ఉండుట చేత అది కొంత వంగుతుంది, నమిలితే నలుగుతుంది. కాల్చిన, బాగుగా ఉడికిన ఎముక పెళుసై సూదివలె చీలుతుంది. ముఖ్యముగా కోడి ఎముక. అది గొంతులోనో ప్రేగులోనో గ్రుచ్చుకొనగలదు. కాబట్టి కూరలోని ఎముకను కుక్కకు వేసే మన అలవాటే ఇక్కడ ప్రమాదకరమైనది. అదిగాక ఎముక లేని వట్టి మాంసముతో కుక్కపిల్లను పెంచుటయు తప్పే. మాంసములో భాస్వరమునకు తగినంత సున్నము ఉండదు; భాస్వరము ఇరువది పాళ్లయితే సున్నము ఒక పాలు ఉంటుంది. ఆ లోటును తీర్చుకొనుటకు శరీరము తన ఎముకలనే కరిగించుకుంటుంది. పిల్లకు కాళ్లు బలహీనపడి విరుగుతాయి. డబ్బుండి మాంసమే పెట్టే ఇండ్లలో కనబడే జబ్బు ఇది.

పచ్చితనము విషయములో మాత్రము వారి వాదము నిలువదు. అమెరికా ఆహార, ఔషధ పాలన సంస్థ 2010-2012 మధ్య అంగళ్లలో అమ్మే 196 పచ్చి పెంపుడు జంతు ఆహారపు నమూనాలను పరీక్షింపగా, 15 నమూనాలలో సాల్మొనెల్లా, 32 నమూనాలలో లిస్టీరియా కనబడినవి. శీతల యంత్రములు, తనిఖీలు గల దేశములోనే ఇట్లు. కుక్క జీర్ణాశయము ఈ క్రిములను చాలమట్టుకు తట్టుకుంటుంది. దాని గిన్నె కడిగే అమ్మకు, దాని మూతిని ముద్దాడే బిడ్డకు ఆ శక్తి లేదు.

అయితే ముదిగుబ్బలో కుక్కకు మాంసము మాన్పించనక్కరలేదు. కార్జము, ఊపిరితిత్తులు వంటివానిని ముక్కలు కోసి అరగంటకు పైగా బాగుగా ఉడికిస్తే తిత్తిలోని పురుగు తలలు చస్తాయి. కాలేయములోని నికోటినిక్ ఆమ్లము వేడికి చెడేది కాదు. నీటిలోనికి దిగినంత దిగుతుంది, ఆ నీటినే సంగటిలో కలిపి పెట్టవచ్చు. తిత్తి కనబడిన భాగమును లోతుగా గుంట తీసి పూడ్చవలెను. పైపైన పూడిస్తే కుక్కే త్రవ్వుకుంటుంది. మంద వెంట తిరిగే కుక్కకు పశువైద్యశాలలో ప్రాజిక్వాంటెల్ మాత్రలు వేయించవలెను; ఆ మందు ఈ పురుగును చంపుతుంది. వేసిన తర్వాత రెండు మూడు దినములు కుక్కను కట్టివేసి, మలమును పూడ్చివేయుట మరువరాదు.

మాంసము అంగడివారిని తప్పు పట్టుటవలన ప్రయోజనము లేదు. రెండు ఊళ్లకు కలిపి కూడ మూత గల గుంట లేనిచోట అతను ఆ ముక్కను ఎక్కడ వేయగలడు? కుక్కలు ఊడ్చివేస్తేనే అంగడి ముందు దుర్గంధము లేకుండ పోతున్నది. ఒక సిమెంటు గుంట, దానికొక బరువైన మూత ఉంటే ఐస్లాండు చట్టములోని సగము పని అక్కడే జరుగుతుంది. ఉన్నత పాఠశాల విద్యార్థులు చేయగల పరిశీలన కూడ ఒకటి ఉన్నది. వరుసగా కొన్ని ఆదివారములు అంగడి వద్ద నిలిచి, ఎన్ని పొట్టేళ్లను కోసినారు, ఎన్నింటి కార్జములో నీటితిత్తి కనబడినది, ఆ ముక్క ఎక్కడికి పోయినది అని పుస్తకములో వ్రాసుకోవలెను. తిత్తిని చేతితో తాకనక్కరలేదు. దూరమునుండి చూచి లెక్కపెట్టితే చాలు. ఆ లెక్కను పశువైద్యశాలలోని వైద్యునికి చూపితే, ఆయన మందుల పెట్టె తీసుకొని ఏ వీధికి ముందు రావలెనో తెలుసుకుంటాడు.